రాయి లేని రాక్ ఆల్బమ్

ఎనభైలు అయిపోవచ్చే రోజుల్లో నేనొక ఇండస్ట్రియల్ రాక్ ఆల్బమ్ చేశాను. ఈ మాట చెబితే ఇప్పుడు మా పిల్లలే నమ్మరు. ఆల్బమ్ అంటే తొంభై నిమిషాల క్యాసెట్టు ఒకటి, దాని మీద మా బావ చేతిరాత. చేసింది చిలకలూరిపేటలో. అందులో మోగేవి చర్చి కీబోర్డు, జిన్నింగు మిల్లు, కారం మిల్లు, స్కూలు గంట, ఇంకా మా బావ.

ముందు మనుషుల్ని చెబుతాను. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, చర్చిలో క్వయిర్ మాస్టారు. రెండు చోట్లా అదే గొంతు, అవే తిట్లు. నేను డిగ్రీ చదువుతూ క్వయిర్‌కి కీబోర్డు వాయించేదాన్ని. కీబోర్డు చర్చిదే అయినా ఉండేది మా ఇంట్లో, అమ్మ కుట్టిన పూల గలీబులో. దాని మీద రకరకాల తాళాలకు బటన్లు ఉండేవి. దేవుడి పాటలకు మార్చ్, వాల్ట్జ్ చాలునని నాన్న తీర్మానించి, రాక్ అని రాసి ఉన్న బటన్ మీద దెబ్బలకు వేసే ప్లాస్టరు అంటించారు. నేను దాన్ని ఎన్నిసార్లు ఊడదీసి అంటించానో, చివరికి జిగురు పోయి ఉమ్మితో నిలబడేది.

బావ అంటే మేనమామ కొడుకు. హైవే పక్కన ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరు. పత్తి నుంచి గింజను వేరు చేసే మిషన్ల మధ్య పొద్దంతా ఉండేవాడు కాబట్టి ఉప్పు అందించమని కూడా అరిచి అడిగేవాడు. చర్చిలో ప్రార్థన చేసినా అంతే. దేవుడికి చెవుడు లేదురా అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా వాడికి వినపడేది కాదు.

ఈ గొడవంతా మొదలుపెట్టింది మా మేనమామ, అంటే బావ వాళ్ళ నాన్న. ఆయన సరుకు ఓడలో పనిచేసేవాడు. ఒకసారి వస్తూ వస్తూ ఏదో రేవులో కొన్న ఇంగ్లీషు క్యాసెట్టు నా చేతిలో పెట్టాడు. ఏం పాటలు మామయ్యా అంటే, పాటలే అన్నాడు. అట్ట మీద ఒకతను నోరు బార్లా తెరిచి ఉన్నాడు. నాన్న అట్ట చూసి, పన్ను పీకించుకుంటున్నట్టున్నాడు అన్నారు. లోపల సన్నటి అక్షరాల్లో, ఇది ఇండస్ట్రియల్ రాక్ అనీ, ఎలక్ట్రానిక్ వాద్యాలూ గిటార్లూ ఫ్యాక్టరీ చప్పుళ్ళూ కలిపి చేసిన కొత్త రకం సంగీతమనీ ఉంది.

టేప్ రికార్డరులో వేశాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, టేపు నలిగిపోతోందని ఆపేసింది. క్యాసెట్టు బయటికి తీసి పెన్సిలుతో బిగించింది, దూది తెచ్చి హెడ్డు తుడిచింది, మళ్ళీ వేసింది. మళ్ళీ అదే మోత. "అరిగిపోయిన సరుకు అంటగట్టారు మా అన్నయ్యకి" అని ఓడలన్నిటినీ కలిపి తిట్టింది. ఇంతలో గోడ మీదుగా పక్కింటి పిన్ని తల పెట్టి, "ఏమ్మా, కారం ఇంట్లోనే ఆడిస్తున్నారా? మాకూ నాలుగు కేజీలున్నాయి, తెచ్చేదా?" అని అడిగింది.

నేను మాత్రం దాన్ని మళ్ళీ మొదటి నుంచి విన్నాను. మా చర్చికి రోడ్డు దాటితే మిల్లే. పుట్టినప్పటి నుంచీ మా పాటలన్నీ మిల్లు చప్పుడుతో పోట్లాడుతూనే పాడాం. మేం నెమ్మదిగా పాడితే అది గెలిచేది, మేం అరిస్తే మేం గెలిచేవాళ్ళం. ఆ చప్పుణ్ణి లోపలికి రానిచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, దాంతో కలిసి పాడొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఎంత సంతోషమేసిందో. ఆ సంతోషంలో బావను పిలిచి వినిపించాను.

"ఇదేంటే, మా మిల్లేగా" అన్నాడు బావ.

"మీ మిల్లు కాదు బావా. దొరలదెవరిదో."

"మనదానికేం తక్కువ? మనమూ చేద్దాం" అని వీధి మొత్తానికి వినపడేలా అన్నాడు.

మా పద్ధతి ఇది. బావ తన టేప్ రికార్డరు మిల్లుకు తీసుకెళ్ళి మిషన్ల చప్పుడు పట్టుకొచ్చేవాడు. ఇంట్లో ఆ టేపు మోగుతుంటే నేను కీబోర్డు వాయించేదాన్ని, బావ లారీ కమాను పట్టీని స్పానరుతో కొట్టేవాడు, ఆ మొత్తాన్ని మా టేప్ రికార్డరు పట్టేది. మధ్యలో ఎవరేం మాట్లాడినా అదీ పడేది. మొదటి పక్క మూడో పాటలో "పప్పు మాడిపోతోందే" అని ఆడగొంతు వినపడుతుంది. అది నేను రాసిన సాహిత్యం కాదు, అమ్మ.

ఎండాకాలంలో కారం మిల్లుకు వెళ్ళాం. ఏడాదికి సరిపడా కారం ఆడించుకునే రోజులవి. ఆడవాళ్ళు మిరపకాయల డబ్బాలతో క్యూలో కూర్చున్నారు. రికార్డు మొదలుపెట్టబోతుండగా బావ ఒక్క తుమ్ము తుమ్మాడు. ఒంటి తుమ్ముతో పని మొదలుపెట్టకూడదని క్యూలో పెద్దావిడ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది. నీళ్ళిస్తూ తను తుమ్మింది. ఆవిణ్ణి కూర్చోబెట్టబోయి నేను తుమ్మాను. ఆ తర్వాత ఎవరు ఎవరిని కూర్చోబెట్టాలో తెలియకుండా పోయింది. ఎవరికీ బాధ్యత లేని ఆ తుమ్ములన్నీ మిల్లు తాళంలో సరిగ్గా పడ్డాయి. రెండో పక్క మొదటి పాట అదే.

స్కూలు గంట కథ ఇంకా ఘోరం. మా స్కూల్లో గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాని మోత కావాలని బావ ఒకరోజు మొదటి పీరియడులోనే గోడ దూకి, చేయి తిరిగినంతసేపు వాయించాడు. స్కూలు మొత్తం పుస్తకాలు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది. నాన్న బోర్డు వైపు తిరిగి త్రిభుజం గీస్తున్నారు. గీయడం పూర్తిచేసి వెనక్కి తిరిగితే క్లాసులో ఎవరూ లేరు. బావతో ఆయన చాలాకాలం మాట్లాడలేదు. బావకు ఆ సంగతి తెలియడానికీ కొంతకాలం పట్టింది.

ఇక చివరి పాట. రెండో పక్క ఆఖర్న దాన్ని పెట్టాను. క్వయిర్ ప్రాక్టీసులో కీబోర్డు గలీబు కింద టేప్ రికార్డరు దాచి నాన్న తిట్లు పట్టుకున్నాను. "ఆల్టో, నిద్రపోతున్నారా? టెనర్, అది పాటా, పాలవాడి కేకా? మళ్ళీ మొదటి నుంచి." ఆల్టో అంటే కింది స్వరంలో పాడే పిన్నులు, టెనర్ అంటే పై స్వరంలో పాడే మగవాళ్ళు. ఆ తిట్లను జిన్నింగు మిషను మీద కూర్చాను. ఎగతాళికి చేశానని మీరనుకుంటారు. కొంత ఎగతాళే. కానీ చిన్నప్పుడు నాకు తాళం అనేది తెలిసింది ఆయన తిట్లలోనే. ఆయన తిట్టేటప్పుడు కూడా లెక్క తప్పరు.

క్యాసెట్టు పూర్తయ్యాక నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరైనా రెండో పక్క చివరిదాకా వినాలి. క్వయిర్ పిన్నులకిచ్చాను, కాలేజీ స్నేహితురాళ్ళకిచ్చాను. బావ కాపీలు తీసి, పత్తి బేళ్ళు తోలే లారీ డ్రైవర్లకు పంచాడు. అందరూ చాలా బాగుందన్నారు. చివర్లో ఏముంది అని అడిగితే పాట ఉంది అన్నారు. ఒక పిన్నిగారు ముగింపు ప్రార్థన బాగా కుదిరిందని మెచ్చుకుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆవిడతో క్రిస్మస్ దాకా మాట్లాడకూడదనుకున్నాను.

క్రిస్మస్ దగ్గరపడేసరికి అంతకంటే పెద్ద ముప్పు వచ్చింది. పాస్టరుగారి మేనల్లుడు గుంటూరులో పద్ధతిగా కీబోర్డు నేర్చుకుని, సర్టిఫికెట్టుతో సహా మా ఊళ్ళో దిగాడు. ఇక ఆ కుర్చీలో అతన్ని కూర్చోబెడితే బాగుంటుందని కమిటీవాళ్ళకు అనిపించింది. నిర్ణయం క్వయిర్ మాస్టారికి వదిలేసి, ఆదివారంలోగా చెప్పమన్నారు. నాన్న అన్నం తింటూ ఆ సంగతి ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు చెప్పారు.

"నా కుర్చీ ఎవరికీ ఇవ్వను" అన్నాను.

"కుర్చీ చర్చిది. అతనికి సర్టిఫికెట్టుంది. నీకేముంది?"

"నాకు ఆల్బమ్ ఉంది."

నాన్న మజ్జిగ పోసుకున్నారు. "సరే. మన చుట్టం కానివాడు, మన ఊరివాడు కానివాడు, ఒక్కడు ఆ ఆల్బమ్ నాకు కావాలి అని నోరు తెరిచి అడిగితే కుర్చీ నీదే. అడగకపోతే అతనిది. మళ్ళీ ఏడవకూడదు."

నేను ఏడవనని చెప్పి లోపలికెళ్ళి ఏడ్చాను. ఆ కుర్చీ తప్ప ఊళ్ళో నాకంటూ వేరే చోటు లేదు. ఇంట్లో మాస్టారి కూతుర్ని, కాలేజీలో రెండో బెంచీని. అక్కడ కూర్చున్నప్పుడే నేను నేనుగా ఉండేదాన్ని. ఊరు కానివాడు, చుట్టం కానివాడు నా క్యాసెట్టు కోసం ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు?

ఊడిపడ్డాడు. కమిటీకి చెప్పాల్సిన ఆదివారం ఇంకా రాకముందే బావ మిల్లు నుంచి సైకిలు మీద వచ్చి, వీధి చివరి నుంచే కబురు చెప్పాడు కాబట్టి, నాకంటే ముందు వీధికి తెలిసింది. బావ క్యాసెట్టు ఇచ్చిన డ్రైవరొకడు చీమకుర్తి నుంచి గ్రానైట్ రాయి కూడా తోలతాడు. అక్కడ రాళ్ళు కోసే యూనిట్ యజమాని దగ్గర మాటల్లో, పేటలో ఎవరో ఇండస్ట్రియల్ రాక్ ఆల్బమ్ చేశారని చెప్పాడట. ఆయన లేచి నిలబడి, "అది నాకు కావాలి, చేసినవాళ్ళను వెంటనే రమ్మను" అన్నాడట.

నేను నాన్న వైపు చూశాను. నాన్న గొడుగు వైపు చూశారు. "మనమూ వెళ్దాం" అన్నారు.

శనివారం ఒంగోలు మీదుగా చీమకుర్తి వెళ్ళాం. నాన్న తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చంకలో గొడుగు. రోడ్డంతా గొలుసులతో కట్టిన నల్లరాయి దిమ్మలు మోసుకుపోయే లారీలు. చెట్ల ఆకుల మీద కూడా రాతిపొడి. యూనిట్ షెడ్డులో రంపాలు రాయిని కోస్తుంటే ఆ మోతకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇటువంటి చోట నా ఆల్బమ్‌ను అర్థం చేసుకోగల మనిషి ఉండటంలో వింతేముంది అనుకున్నాను.

యజమాని పెద్దమనిషి. సోడాలు తెప్పించాడు. "చేసిందెవరు మాస్టారూ?" అని అడిగాడు.

"మా అమ్మాయండి."

"ఆడపిల్ల చేసిందా. మా వాళ్ళు ఇంతమంది ఉండీ ఒకటి తయారుచెయ్యలేకపోయారు. వచ్చే నెల ఫారిన్ పార్టీ వస్తున్నారమ్మా, వాళ్ళకి పెట్టాలి. సైజెంత?"

"నైంటీ అండీ" అని బావ అరిచాడు.

"నైంటీ మంచి సైజే. పాలిష్ చేశారా?"

"లేదండి. పాలిష్ చేస్తే అసలుదనం పోతుందని రఫ్‌గానే ఉంచాను" అన్నాను.

ఆయన నాన్న వైపు తిరిగి, "తెలివైన పిల్లండి. ఫారిన్ వాళ్ళకి రఫే కావాలి" అన్నాడు. మళ్ళీ నన్ను, "పగుళ్ళేమన్నా ఉన్నాయామ్మా?" అని అడిగాడు.

"ఒకచోట కొంచెం పగిలిందండి. పైకి తెలియదు."

"పర్లేదు, అదొక లెక్క కాదు."

బావ ఊరుకోకుండా, "హెవీ మెటల్ కూడా కొంచెం కలిపామండీ" అన్నాడు.

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "మెటల్ ఎందుకు కలిపావయ్యా? అది మా లైను కాదు. రోడ్డు కాంట్రాక్టర్లకి చూపించుకో."

మా వైపు రోడ్డు మీద పరిచే కంకరను మెటల్ అంటారు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఆ క్షణాన తట్టలేదు. హెవీ మెటల్ అనే మోత రాక్ నచ్చనివాళ్ళూ ఉంటారు, ఎవరి అభిరుచి వాళ్ళది అనుకున్నాను. నాన్న నా వైపు వంగి, "విషయం తెలిసిన మనిషే" అని గొణిగారు. జీవితంలో నేనంత గర్వపడింది అప్పుడే.

"ఏదీ, తియ్యండి" అన్నాడాయన.

క్యాసెట్టు బల్ల మీద పెట్టాను. ఆయన పెట్టె తెరిచాడు. లోపలి కాగితం తీసి అటూ ఇటూ తిప్పాడు. పెట్టెను బోర్లించి దులిపాడు. "ఫోటోలేవమ్మా?" అన్నాడు.

"ఏం ఫోటోలండి?"

"రాళ్ళ ఫోటోలు."

"ఏ రాళ్ళండీ?" అన్నాడు బావ.

అప్పుడర్థమైంది. ఆయన తప్పేమీ లేదు. రాక్ అంటే రాయి. ఇండస్ట్రియల్ రాక్ అంటే ఫ్యాక్టరీలో కోసిన రాయి. ఆల్బమ్ అంటే, పెళ్ళి ఆల్బమ్ ఎరిగినవాళ్ళెవరికైనా ఫోటోల పుస్తకం. కొనేవాళ్ళకు చూపించడానికి రాళ్ళ ఫోటోలు దొరికాయని ఆయన సంబరపడ్డాడు. తొంభై అంటే సెంటీమీటర్లు అనుకున్నాడు, సౌండు పగిలిందని నేనంటే రాయి పగులు అనుకున్నాడు. మమ్మల్ని రప్పించిన డ్రైవరు కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, పరిస్థితి అర్థమై, లారీ కడగడానికి వెళ్ళిపోయాడు.

నా చెవులు మిరపకాయల్లా మండాయి. కుర్చీ పోయింది. సర్టిఫికెట్టు పిల్లాడు క్రిస్మస్ రోజున అందులో కూర్చుని వేళ్ళు విరుచుకోవడం కళ్ళకు కట్టినట్టు కనపడింది. నవ్వాలో ఏడవాలో తెలియక సోడా తాగాను.

ఆయన మర్యాదస్థుడు. ఇంత దూరం వచ్చినవాళ్ళను ఉత్తినే పంపడం బాగుండదని బీరువా పైనున్న టేప్ రికార్డరు దింపి క్యాసెట్టు వేశాడు. మొదటి పాటలో పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సు ధబ్ ధబ్‌మంది. షెడ్డులోంచి మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, "నాతో చెప్పకుండా లోపల ఏం మిషను పెట్టారయ్యా?" అన్నాడు. యజమానికి నవ్వు ఆగలేదు. "ఈ మోత మాకు పొద్దస్తమానం ఊరికే వస్తుంది గదమ్మా" అని పాట సగంలో ఆపేశాడు.

నేను క్యాసెట్టు లాక్కుందామని లేచాను. నాన్న గొడుగు కొసతో నేల మీద టక్కుమని కొట్టారు. క్లాసులో గోల ఆగకపోతే కొట్టే దెబ్బ అది. మేస్త్రీ కూడా చేతులు కట్టుకున్నాడు.

"ఆపకండి" అన్నారు నాన్న. "మొదటి పక్క నాకూ నచ్చలేదు. మొదటి పక్క వాళ్ళు నేర్చుకుంటున్నది. రెండో పక్క పెట్టండి."

"మాస్టారూ, నాకవతల పనుందండి."

"ఉంటుంది. రెండో పక్క మొదట్లో తుమ్ములుంటాయి. ఎనిమిదో లెక్క మీదే పడతాయి, ఒక్కటి తప్పదు. తర్వాత స్కూలు గంట. అది మోగినందుకు నాకు కోపమే, కానీ దాని కింద మా అమ్మాయి కీబోర్డు నల్ల మెట్ల మీద నడిపింది చూశారూ, అది ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. చివర్లో ఒక మాస్టారు తిడతాడు. అది వినకుండా మీరు బాగోలేదనకూడదు."

క్యాసెట్టు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఊరంతా పంచి, అడిగి, కోప్పడి, విసిగిపోయిన నాకు, రెండో పక్క చివరిదాకా విన్న మనిషి ఇంట్లో కంచం ముందు కూర్చుని మజ్జిగ పోసుకుంటున్నాడని తెలియలేదు.

మాస్టారి మాట కాదనలేక యజమాని క్యాసెట్టు తిప్పాడు. తుమ్ములకు మేస్త్రీ నవ్వాడు. గంటకు షెడ్డులో కొందరు భోజనాలకు లేచారు. చివరికి "ఆల్టో, నిద్రపోతున్నారా? ఆల్టో, ఆల్టో, ఆల్టో" అని నాన్న గొంతు మిల్లు తాళంలో మోగింది. యజమాని ఒకసారి టేపు వైపు, ఒకసారి నాన్న వైపు చూసి, "మాస్టారూ, ఇది మీరేగా?" అన్నాడు. నాన్న చొక్కా కాలరు సర్దుకుని, అవునన్నారు. ఆయన ఆ పాటను మళ్ళీ వేయించుకున్నాడు. రాయి అడిగితే ఇది దొరికింది, అయినా బానే ఉంది అన్నాడు. వస్తుంటే అరచేతంత నున్నటి నల్లరాయి పలక ఒకటి నా చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని చాలా ఏళ్ళు ఆవకాయ జాడీ మూత మీద బరువుగా వాడింది.

తిరుగు బస్సులో బావ నిద్రపోయాడు. నిద్రలో గురక కూడా అరుపే. నేను నాన్న పక్కన కూర్చుని, "ఎప్పుడు విన్నారు నాన్నా?" అని అడిగాను.

"మీ అమ్మ స్త్రీల కూటానికి వెళ్ళినప్పుడల్లా."

వెళ్ళినప్పుడల్లా అన్నారు. చర్చిలో ఆ కూటం వారం వారం ఉంటుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రాతిపొడి అని చెప్పి తుడుచుకున్నాను.

"మూడో ఆల్టో అర లెక్క ఆలస్యంగా వేశావు" అన్నారు.

"అవును. సరే, కుర్చీ ఇచ్చెయ్యండి. ఆయన అడిగింది రాళ్ళు."

నాన్న గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు. "నేనేమన్నాను? చుట్టం కానివాడు, ఊరివాడు కానివాడు, ఆల్బమ్ నాకు కావాలి అని అడగాలి. అడిగాడా లేదా?"

"అడిగాడు."

"ఏమనుకుని అడిగాడన్నది నేను లెక్కలో పెట్టలేదు. ఇచ్చిన లెక్క ప్రకారం జవాబు సరిపోయింది" అన్నారు. కమిటీకి కూడా సరిగ్గా అలాగే చెప్పారు. వాళ్ళకేమీ అర్థం కాలేదు, కాకపోయినా ఒప్పుకున్నారు. సర్టిఫికెట్టు పిల్లాడికి గిటారు ఇచ్చారు. మంచివాడే.

ఆ వారం ప్రాక్టీసులో ఆల్టో పిన్నులు ఎప్పటిలాగే వెనకబడ్డారు. నాన్న చేయి ఎత్తి, నోరు తెరిచి, ఆగిపోయారు. నా దగ్గరికొచ్చి, బటన్ మీద ఊగిపోతున్న ప్లాస్టరు గోటితో పీకి జేబులో వేసుకుని, కానివ్వమన్నట్టు తల ఊపారు. నేను రాక్ బటన్ నొక్కాను. తాళం ఒక చుట్టు తిరిగేదాకా ఆగి, లెక్క చూసుకుని, అప్పుడు తిట్టడం మొదలుపెట్టారు.